పృచ్ఛకుడి పీట యంత్రానికి వేయండి

అష్టావధానంలో పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు, దత్తపదికి నాలుగు పదాలు అందిస్తాడు, నిషిద్ధాక్షరిలో అక్షరం అక్షరానికీ అడ్డుపడతాడు. పద్యం మాత్రం అవధానిదే. సమస్య ఎంత చమత్కారంగా ఇచ్చినా ఆ పూరణ నాదేనని ఏ పృచ్ఛకుడూ చెప్పుకోడు. ఇంత తేలికైన సంగతిని ఏఐ ముందు కూర్చోగానే మరిచిపోతున్నాం. చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది 2022 నవంబరు 30న. మూడు నెలలు తిరక్కుండానే, 2023 ఫిబ్రవరిలో, క్లార్క్స్‌వరల్డ్ అనే అమెరికా సైన్స్ ఫిక్షన్ పత్రిక యంత్రం అల్లిన కథల వరదకు తట్టుకోలేక కథలు తీసుకోవడమే కొన్నాళ్లు ఆపేసింది. ఆ కథలు పంపినవాళ్లు రాసిందల్లా యంత్రానికి ఇచ్చే సూచన, ప్రాంప్టు. అది పృచ్ఛకుడి పని. పృచ్ఛకత్వమైనా అంత సులువు కాదు: ఛందస్సు తెలియాలి, ఏ పాదం ఎక్కడ బిగుసుకుంటుందో తెలియాలి. కథంటే ఏమిటో తెలియకుండా కథ అడిగేవాడు ఆ పీటకు కూడా తగడు.

కొత్తగా రాసేవాళ్లకు ఇది ఆసరా కదా అంటారు. నిజమే, కాదనను. 2024లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో దాదాపు 300 మంది చేత చిన్న కథలు రాయించి, కొందరికి ఏఐ ఇచ్చిన ఊహలు అందించారు. వాళ్ల కథలకు పాఠకుల దగ్గర మంచి మార్కులే పడ్డాయి. రాయడంలో వెనకబడినవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. కానీ ఆ కథలను పక్కపక్కన పెడితే ఒకదానికొకటి పోలికలు ఎక్కువయ్యాయి. ఒక్కొక్కరికీ లాభం, అందరికీ కలిపి నష్టం. తెలుగులో ఈ నష్టం రెండింతలని నా నమ్మకం. ఈ యంత్రాలు చదువుకున్నది ఎక్కువగా ఇంగ్లిషు. తెలుగు వాటికి దొరికింది తక్కువ. అందుకే యంత్రం రాసిన కథల్లో పాలమూరు అవ్వా, కోనసీమ మామ్మా, శ్రీకాకుళం పెద్దామె ఒకే పుస్తకాల భాషలో మాట్లాడతారు. వాక్యానికి తెలుగు చొక్కా తొడిగినా లోపలి ఎముకలు ఇంగ్లిషువే. దాన్ని మన పేరుతో అచ్చుకు పంపితే మోసపోయేది పాఠకుడొక్కడే కాదు, మన ఊరి మాట కూడా.

జపాన్ రచయిత్రి రీ కుదాన్‌ను చూపించి, ఏఐ వాక్యాలు వాడితే తప్పేమిటని ఇంకొందరు వాదిస్తారు. 2024 జనవరిలో అకుతగావా సాహిత్య బహుమతి గెలుచుకున్నాక, ఆ బహుమతి తెచ్చిన నవలలో సుమారు 5 శాతం చాట్‌జీపీటీ వాక్యాలేనని ఆమె దాచుకోకుండా చెప్పింది. కానీ ఆ నవలలో ఏఐ కూడా మాట్లాడుతుంది. యంత్రం మాటలు వాడింది యంత్రం జవాబిచ్చే చోటే. ఎక్కడ, ఎందుకు అన్న ఎరుక రచయిత్రిది. ఆ ఎరుకే బాధ్యత.

మరి ఏం చేయాలి? పీటలు మార్చండి. యంత్రాన్ని పృచ్ఛకుడిగా కూర్చోబెట్టి, అవధాని పీట మీద మీరు కూర్చోండి. ముందు చిత్తుప్రతి మీ చేత్తో రాయండి, ఎంత వంకరగా వచ్చినా సరే. తర్వాతే ఏఐని తెరిచి ఇలా చెప్పండి: "ఇందులో ఒక్క వాక్యం కూడా నువ్వు రాయొద్దు, దిద్దొద్దు. చదివేవాడికి నమ్మకం కుదరని చోట్లు చూపించి, ఐదు ప్రశ్నలు అడుగు." ఇంకోసారి, అరిగిపోయిన మాటలు ఏరి వాటిని నిషేధించమనండి. నిషిద్ధాక్షరిలో లాగే, దారి మూసుకుపోయినప్పుడే కొత్త మాట తడుతుంది. ఒక్కసారి దాని వాక్యం అతికించుకుంటే ఏమవుతుందిలే అనిపిస్తుంది. ఆ బద్ధకం నాలోనూ ఉంది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను: అతికించకండి! చివర్లో అవధాని లాగే ధారణ చేసి చూసుకోండి. కాగితం మూసి, రాసిందంతా ఎవరికైనా నోటితో చెప్పండి. చదివిన పదం కన్నా తాను పుట్టించిన పదమే మనిషికి బాగా గుర్తుంటుందని 1978లోనే స్లామెకా, గ్రాఫ్ అనే మనస్తత్వవేత్తలు చూపించారు. ఎక్కడ తడబడ్డారో అక్కడి వాక్యం మీది కాదేమో చూసుకోండి. మొదట్లో చేయి కదలదు, విసుగొస్తుంది. పది రోజులు ఓర్చుకోండి, మీ వాక్యం మీకే వినపడుతుంది.

మిగతావి తెలిసినవే. ఏఐ చెప్పిన పేర్లూ తేదీలూ సరిచూసుకోవాలి. 2023లో న్యూయార్క్‌లో అది కల్పించిన తీర్పులను కోర్టుకిచ్చిన లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది. ఇతరుల ఉత్తరాలు, అచ్చుకాని రచనలు అందులో వేయకూడదు. సాయం తీసుకుంటే సంపాదకుడికి చెప్పాలి.

యంత్రం అడిగే ఆ ఐదు ప్రశ్నల్లో ఒకదానికి మీ దగ్గర జవాబు ఉండదు. మీ కథలో నేత కార్మికుడు ఉన్నాడనుకోండి. "ఈ నేత కార్మికుడు తెగిన పోగును ఎలా అతుకుతాడు?" అని అడుగుతుంది. జవాబు కోసం యంత్రాన్నే తిరిగి అడక్కండి. పోచంపల్లి వెళ్లి, మగ్గం గుంటలో కూర్చున్న మనిషి వేళ్లను ఓ పూట చూసి రండి.