రూపమును, పైవ్రాతయు
(రోమా కంచు నాణెములను గుర్తించుట)

పాఠ్యభాగము: మార్కు 12:13–17, యెషయా 3:26

పన్ను విషయములో ప్రభువును చిక్కుపరచ వచ్చినవారిని ఆయన ఒక దేనారము తెమ్మని, దానిమీది రూపమును పైవ్రాతయు ఎవరివని అడిగెను. అది వెండి నాణెము. అయినను రోమా చక్రవర్తుల నాణెము ఏది మన చేతికి వచ్చినను మనము అడుగవలసిన ప్రశ్నలు ఆ రెండే. ఈ పాఠములో వారి కంచు నాణెములను గుర్తించు విధము నేర్చుకొందము.

1. లోహము. కంచు నాణెములని వాడుకలో పిలిచినను, కైసరు ఔగుస్తు ఏర్పరచిన పద్ధతిలో పెద్దదైన సెస్టెర్షియసును, దానిలో సగము విలువగల డుపోండియసును ఇత్తడివి. ఆసు ఎఱ్ఱని రాగిది. పదునారు ఆసులు ఒక దేనారము. మత్తయి 10:29లో రెండు పిచ్చుకల వెలగా చెప్పబడిన కాసునకు గ్రీకులో ఉన్న పేరు ఈ ఆసునుండి వచ్చినదే. సెస్టెర్షియసు సుమారు 25 గ్రాములు తూగును. డుపోండియసును ఆసును దాదాపు ఒకే పరిమాణము గలవి. చిలుము పట్టి రంగు తెలియనప్పుడు తల చూడవలెను. నీరో కాలము మొదలుకొని సాధారణముగా కిరణముల కిరీటమున్నది డుపోండియసు, ఆకుల దండ ఉన్నది ఆసు.

2. పైవ్రాత. బొమ్మ వైపు అంచు చుట్టు చక్రవర్తి పేరును బిరుదులును పొడి అక్షరములలో ఉండును. రోమీయులు ‘యు’ అక్షరమునకు ‘వి’ ఆకారమునే చెక్కిరి; కాబట్టి ‘ఏ, వి, జి’ అనగా ఔగుస్తు. ‘సి, ఓ, ఎస్’ అనునది కాన్సలు పదవి. దాని ప్రక్కనున్న అంకె ఆ పదవి ఎన్నవసారియో తెలుపును. దానినిబట్టి కాలమును కనుగొందుము. బొరుసు వైపు ‘ఎస్, సి’ అను పెద్ద అక్షరములు సెనేటు తీర్మానమునకు గుర్తు.

3. ఒక ఉదాహరణ. పెద్ద ఇత్తడి నాణెము; బొమ్మ వైపు వెస్పాసియను పేరు, మూడవ కాన్సలు పదవి. కనుక అది క్రీ. శ. 71వ సంవత్సరపుది. బొరుసు వైపు ఖర్జూరపు చెట్టు. ఒక ప్రక్క ఈటె పట్టి నిలిచిన చక్రవర్తి, మరియొక ప్రక్క తలకు చేయి ఆనించి నేల కూర్చుండి దుఃఖించు స్త్రీ. చుట్టునున్న మాటలకు ‘యూదయ పట్టబడెను’ అని అర్థము. అంతకు ముందటి సంవత్సరము, అనగా 70లో, యెరూషలేము దేవాలయము కాల్చబడెను.

4. హెచ్చరిక. ఇంటి ఇత్తడి పాత్రలవలె ఇట్టి నాణెమును చింతపండు పెట్టి తోమరాదు, చిలుమును గీకరాదు. అనేక సమయములలో అక్షరముల అంచులు ఆ చిలుములోనే నిలిచియుండును. మెరుపు కొరకు తోమినయెడల పేరును సంవత్సరమును పోవును. పోయినవి తిరిగి రావు.

జయించినవాడు తన ఘనత చాటుటకు ఈ నాణెమును ముద్రింపించెను. అయితే దానిని నిదానముగా చదువు మనకు ముందుగా కనబడునది చెట్టుక్రింది స్త్రీయే. పాడైన పట్టణము నేల కూర్చుండునని యెషయా ముందే చెప్పెను. దాదాపు నలువది ఏండ్లకు పూర్వము ప్రభువు అదే పట్టణమును చూచి ఏడ్చెను (లూకా 19:41). నాణెము ఎవరిదో తెలిసికొనుటతో మన పని ముగియలేదు. అది ఎవరి కన్నీటిమీద ముద్రింపబడెనో కూడ చదువుదము.

ప్రశ్నలు: చిలుము పట్టిన డుపోండియసును ఆసునుండి ఎట్లు వేరుపరతుము? నాణెముమీది అంకె మనకు ఏమి తెలుపును?