మా అంబాసిడర్ నేర్పిన పాఠం: ఆయిల్ ఫిల్టరు పాతదా, కొత్తదా?

మా తాతయ్య కొన్న మార్క్-2 అంబాసిడర్ ఇప్పటికీ పశువుల కొట్టం పక్కనే ఉంటుంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 నమూనాతో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన ఈ కారు ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. అందుచేత ఉన్న ఇంజనునే కాపాడుకోవాలి. దీనికి పాత తరహా ఫిల్టరే ఉంచాలని తాతయ్య, కొత్తది వేయాలని నాన్న. తీర్పు చెప్పే పని సైన్సు చదువుతున్న నా నెత్తిన పడింది.

ఇంజనాయిల్ లోహపు భాగాల మధ్య పొరలా నిలిచి రాపిడిని తగ్గిస్తుంది. అరుగుదల వల్ల పుట్టే లోహపు పొడి, మసి అందులో చేరతాయి. వాటిని పట్టే జల్లెడే ఫిల్టరు.

పాత తరహాలో ఇంజనుకు పొడవాటి బోల్టుతో బిగించిన ఇనుప గిన్నె, దానిలో మార్చుకునే ఎలిమెంటు, గాడిలో రబ్బరు రింగు ఉంటాయి. మురికి ఏం చిక్కిందో కంటితో చూడవచ్చు. కాని పొరపాటుకు తావెక్కువ. కొత్త తరహాలో ఇంజనుకు ఒక అడాప్టరు బిగించి, మూసివున్న డబ్బాను చేత్తో తిప్పి ఎక్కిస్తారు. నిండితే డబ్బా మొత్తం మార్చడమే.

మిత్రులారా, నా తప్పు కూడా చెప్పాలి. కిందటి వేసవి సెలవుల్లో ఎలిమెంటు నేనే మార్చాను. బండి స్టార్టు చేసిన కాసేపటికే నాన్న "ఆపరా, ఆపు!" అని కేకేశారు. చూస్తే కారు కింద ఆయిల్ మడుగు! పాత రింగు గాడిలోనే అతుక్కుని ఉంది, దానిమీదే కొత్తది పెట్టేశాను. నాన్న చూడకపోతే బేరింగులు కాలిపోయేవి. కొత్త డబ్బా మార్చేటప్పుడూ పాత రింగు అంటుకుని మిగిలిపోవచ్చు. కనుక తప్పు ఫిల్టరుది కాదు, నాది.

ఎంచుకునేముందు రెండు కవాటాలు చూసుకోవాలి.

1. బైపాస్ కవాటం. చెరువుకి అలుగు ఎలాంటిదో ఇది అలాంటిది. ఫిల్టరు పూడిపోయినా, చలికి ఆయిల్ చిక్కబడినా, వడకట్టని ఆయిలైనా బేరింగులకు అందేలా చేస్తుంది. ఇది ఇంజనువైపు ఉందో, డబ్బాలో ఉందో తెలుసుకోవాలి. రెండుచోట్లా లేకుండా పోకూడదు.

2. ఆయిల్ వెనక్కి జారనివ్వని కవాటం. డబ్బా అడ్డంగాగాని, నోరు కిందికిగాని ఉంటే ఇది తప్పనిసరి. లేకపోతే రాత్రికి డబ్బా ఖాళీ అయి, పొద్దున్న స్టార్టు చేయగానే ఇంజను కాసేపు పొడిగా తిరుగుతుంది.

మర కలిసింది కదా అని దొరికిన డబ్బా ఎక్కించకూడదు. ఏది వేసినా స్టార్టు చేసి, కిందికి వంగి చూశాకే బండి కదపాలి.

చివరికి మేము అడాప్టరే వేశాము. పాత గిన్నె, బోల్టు కడిగి, ఆయిల్ రాసి, గుడ్డలో చుట్టి అటకమీద దాచాము. ఇంజనుకు కొత్త రంధ్రమేదీ వేయలేదు, కనుక ఎప్పుడైనా మళ్ళీ పాతది బిగించవచ్చు. ఆ మాట విన్నాకే తాతయ్య ముందు సీట్లో కూర్చుని, "పద, చేనుదాకా పోయొద్దాం" అన్నారు.