పిల్లలకు పిల్లలిచ్చే కానుక పెట్టె – సేకరణ ఎలా చేయాలి?

దానం అనగానే మనకు కర్ణుడు, శిబి చక్రవర్తి గుర్తుకు వస్తారు. వాళ్ళు రాజులు. సంక్షేమ హాస్టల్లో చదివే మనం మాత్రం ఎప్పుడూ పుచ్చుకునే వరుసలోనే ఉంటామని చాలామంది అనుకుంటారు. నిజమే, ట్రంకుపెట్టె, కంచం, గ్లాసు, దుప్పటి, నోటుపుస్తకాలు ప్రభుత్వం ఇస్తేనే మన చదువు సాగింది. కానీ తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఏది ఇస్తే పనికొస్తుందో, ఎలా ఇస్తే మనసుకు కష్టమవుతుందో పుచ్చుకున్న మనకే బాగా తెలుసు. అందుకే బడిలో కానుక పెట్టెల సేకరణ జరిపే పనికి హాస్టలు విద్యార్థులే తగినవారని నా అభిప్రాయం.

ఈ పద్ధతి మొదట పేరు తెచ్చుకున్నది బ్రిటన్‌లో. 1990లో రుమేనియాలోని పిల్లల కోసం అక్కడివారు ఖాళీ బూట్ల డబ్బాల్లో పెన్సిళ్ళు, సబ్బు, బొమ్మలు సర్ది పంపారు. డబ్బా కొలత ఒకటే కాబట్టి ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అనే మాట రాదు. పైన ఏ వయసు వారికో, అబ్బాయికో అమ్మాయికో రాస్తారు. మూతకు వేరుగా, డబ్బాకు వేరుగా రంగు కాగితం అంటిస్తారు. అలా అయితే కాగితం చించకుండానే లోపల ఏముందో సరిచూడవచ్చు. తరువాత ఆ పెట్టెలతోపాటు మత ప్రచార పుస్తకాలు పంచుతున్నారని విమర్శలు వచ్చాయి. మనం డబ్బా ఆలోచన తీసుకుందాం, ఏ ప్రచారమూ దానికి తగిలించవద్దు. మన దేశంలో 2009లో మొదలై, ఇప్పుడు అక్టోబరు 2 మొదలుకొని 8 వరకు జరిగే దాన్ ఉత్సవ్‌లో ఇలాంటి సేకరణలు చేస్తారు. అయితే మనకు ఆ రోజుల్లో తరచూ దసరా సెలవులు పడతాయి.

ఇక అసలు విషయం. ఇచ్చేముందు అడగాలి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు తమిళనాడు తీరానికి దేశం నలుమూలల నుంచి లారీల కొద్దీ పాతబట్టలు వెళ్ళాయి. వాటిలో చాలా భాగం రోడ్ల పక్కన కుప్పలుగా పడి ఉండిపోయింది. పంపినవాళ్ళ మనసు మంచిదే, కానీ ఆ మత్స్యకార కుటుంబాలు ఏం కట్టుకుంటాయో ఎవరూ కనుక్కోలేదు. 1999లో ఢిల్లీలో గూంజ్ సంస్థను స్థాపించిన అంశు గుప్తా పాతబట్టను భిక్షగా కాక, ఊరి పని చేసినవారికి ప్రతిఫలంగా ఇచ్చే పద్ధతి పెట్టారు. 2015లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మన దగ్గరి సంగతి చూస్తే, 2017లో మొదటిసారి బతుకమ్మ చీరలు పంచినప్పుడు నాణ్యత బాగాలేదని కొన్నిచోట్ల ఆడవాళ్ళు చీరలు కాల్చి నిరసన తెలిపారు. తరువాతి ఏళ్ళలో రంగులు, అంచుల రకాలు పెంచారు. ఉచితమైనా సరే, పుచ్చుకునేవారికి ఇష్టాయిష్టాలు ఉంటాయి.

మరి ఎవరికి ఇవ్వాలి? తండ్రి గల్ఫ్‌లో చిక్కుకున్నవారు, మగ్గం పని దొరకని ఇళ్ళ పిల్లలు మన తరగతిలోనే ఉంటారు. వాళ్ళకు అందరి ముందు పెట్టె ఇస్తే రేపటి నుంచి పక్కన కూర్చునేవాడి ముందు తలెత్తుకోలేరు. వాళ్ళ సంగతి ప్రధానోపాధ్యాయులు చూసుకోవాలి, అదీ చడీచప్పుడు లేకుండా. మన సేకరణకు నేను సూచించేది పెద్దపల్లి వైపు ఇటుక బట్టీల్లో ఉండే పిల్లలు. ఒడిశాలోని బలంగీర్, నువాపడా వంటి జిల్లాల నుంచి కుటుంబాలు ముందుగా అడ్వాన్సు తీసుకుని, వానాకాలం అయిపోయాక వస్తాయి. ఎండాకాలం చివరిదాకా బట్టీ పక్కనే ఉంటాయి. బడి ఏడాది సగంలో ఉండగా పిల్లలు వాళ్ళ ఊరి బడి వదిలి వస్తారు. ఇక్కడి పాఠం తెలుగులో, వాళ్ళ భాష ఒడియా. కొన్ని బట్టీల దగ్గర ఒడియా చెప్పే టీచర్లతో బడులు నడిపారు. అలాంటి బడి ఉన్నచోట ఆ టీచరు ద్వారానే పని మొదలుపెట్టాలి.

ముందుగా వార్డెన్ సారు, ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని ఇద్దరు పెద్ద విద్యార్థులు ఒక సారుతో కలిసి అక్కడికి వెళ్ళి రావాలి. పిల్లల పేర్లు వద్దు, వరుస సంఖ్య, వయసు చాలు. చెప్పుల సైజు అడిగితే ఏ పిల్లవాడూ చెప్పలేడు. కాగితం మీద పాదం పెట్టించి పెన్సిల్‌తో చుట్టూ గీసుకుని, దాని మీద సంఖ్య వేసుకోవాలి. ఆ కాగితమే చెప్పుల దుకాణానికి తీసుకెళ్ళాలి. తెలుగు కథల పుస్తకం ఇస్తే వాళ్ళకు బొమ్మలు చూడడానికే పనికొస్తుంది. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో ఒడియా కథలు ఉచితంగా దొరుకుతాయి, వాటిని ప్రింటు తీసి కుట్టవచ్చు.

లెక్క ఇలా వేయాలి. అక్కడ 40 మంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరికి 4 నోటుపుస్తకాలు అంటే 160. డజన్ల లెక్కన 13 డజన్లు చాలవు, 14 కొనాలి, 8 మిగులుతాయి. ఆ 8 ఇద్దరు పిల్లలకు సరిపోతాయి. మనం వచ్చి చూసిన తరువాత కూడా కొత్త కుటుంబాలు దిగుతాయి కాబట్టి ఆ మిగులు అవసరమే. పెన్నులు రెండేసి 80, సబ్బులు రెండేసి 80, దువ్వెన, తువ్వాలు, ఉన్ని టోపీ, చెప్పులు ఒక్కొక్కటి. ఆటకు ఒక బంతి గానీ తాడు గానీ తప్పక ఉండాలి. అవసరాలే పెట్టి ఆటవస్తువు మరిచిపోతే అది కానుక కాదు, రేషను అవుతుంది.

పెట్టె అన్నాను గానీ, మన పిల్లలకు అట్టపెట్టె సరికాదు. మంచుకు, తడికి అది రెండు రోజుల్లో చినిగిపోతుంది. ఆ కుటుంబాలు సామాను మూటలు కట్టుకుని రైల్లో తిరిగి వెళ్ళాలి. అందుకని మూతికి తాడు ఉన్న గుడ్డ సంచి మేలు. సిరిసిల్ల మన పక్కనే ఉంది, మరమగ్గాల గుడ్డ మీటర్ల లెక్కన తెచ్చి మన దగ్గరి టైలరుతో కుట్టించుకోవచ్చు.

డబ్బు విషయం జాగ్రత్తగా ఉండాలి. ఎవరినీ బలవంతపెట్టకూడదు. ఎవరెంత ఇచ్చారో బోర్డు మీద రాయకూడదు, ప్రార్థనలో చదవకూడదు. ముఖ్యంగా హాస్టల్లో మనకిచ్చిన సబ్బు, నూనె దాచి ఇవ్వమని చిన్న తరగతుల వారిని అడగవద్దు. మూత అతికించి, చీలిక పెట్టిన డబ్బా ఒకటి వారం రోజులు ఉంచితే, పది రూపాయలు వేసేవాడు వేస్తాడు, రూపాయి వేసేవాడు వేస్తాడు. ఏమీ వేయలేనివారికి సంచులు సర్దడం, సంఖ్యలు రాయడం వంటి పని చాలా ఉంటుంది. డబ్బా ఒకరు తెరవరాదు, ముగ్గురి ఎదుట లెక్కపెట్టి పద్దు పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాలి. కొన్న ప్రతి వస్తువుకూ రశీదు అతికించాలి. దుకాణదారులు, ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు డబ్బు కంటే వస్తువుగా ఇస్తే లెక్క తేలిక. వాడిన బట్టలు తీసుకోదలిస్తే ఉతికి, గుండీలు సరిచూసి, మనం వేసుకోగలిగినవే తీసుకోవాలి.

చలి ముదరకముందే, డిసెంబరు మొదటి వారానికల్లా అందిస్తే టోపీకి అర్థం ఉంటుంది. నేను హాస్టల్లో ఉన్నప్పుడు ఒక సంఘం వారు అరటిపండ్లు, రొట్టె తెచ్చారు. ఫోటో సరిగా రాలేదని అదే పండు మా చేతుల్లోంచి తీసుకుని మళ్ళీ ఇచ్చారు. మేము నవ్వాం, నవ్వమన్నారు కాబట్టి. మనం ఫోటో తీయవద్దు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం రక్షణ అవసరమైన బాలల పేరు, చిరునామా, బడి, చిత్రం పత్రికల్లో వేయడం నేరం కూడా. సభ, వేదిక, అతిథి ప్రసంగం ఏవీ వద్దు. సంచులు టీచరుకు అప్పగించి, సంఖ్యల జాబితా మీద అందినట్టు సంతకం తీసుకుని, ఆ పిల్లలతో ఓ గంట ఆడి రావచ్చు. ఆటకు భాష అడ్డురాదు.

నెల తరువాత ఆ టీచరుకు ఫోను చేసి మూడు విషయాలు కనుక్కోవాలి. ఏది ముందు అయిపోయింది, ఏది వాడలేదు, ఎవరి చెప్పులు సరిపోలేదు? ఆ జవాబులు పద్దు పుస్తకం చివరి పేజీలో రాసి, పుస్తకాన్ని వార్డెన్ సారు బీరువాలో ఉంచాలి. వచ్చే ఏడాది తొమ్మిదో తరగతి వారు జాబితా వేసేముందు మొదట ఆ పేజీ చదవాలి.