మూత్రపిండపు మార్పిడి – దేహరక్షణ శక్తి

పాడైన మూత్రపిండములకు మారుగా వేరొకరి మూత్రపిండము నమర్చుట వలన అనేకులు మరల ఆరోగ్యవంతులగుచున్నారు. అయినను శస్త్రచికిత్స ముగిసినంత మాత్రమున అపాయము తొలగినదని తలంపరాదు. దాత ప్రేమతో నిచ్చిన అవయవమునైనను దేహము పరాయిదానిగనే ఎంచును.

ఇందులకు కారణ మేమి? రక్తములోని తెల్లకణములు రేయింబవళ్లు దేహమునకు కావలి కాయుచుండును. దేహమందలి కణములపై కొన్ని మాంసకృత్తులు ఆనవాళ్లవలె నుండును. వీనికి హెచ్.ఎల్.ఏ. అని పేరు. ఇవి సగము తల్లినుండి, సగము తండ్రినుండి సంక్రమించును. తోబుట్టువులలో నైనను ఇవి పూర్తిగా కలియుటకు నాలుగింట ఒక వంతు మాత్రమే అవకాశము కలదు. వేరు ఆనవాళ్లు కనబడినచో తెల్లకణములు శత్రువని భావించి పైబడును. రోగక్రిముల నెదిరించు శక్తియే క్రొత్త మూత్రపిండమును గూడ ఎదిరించును. దీనినే తిరస్కరణ మందురు.

తిరస్కరణము మూడు విధములు. దాత కణములకు విరుద్ధమైన ప్రతిరక్షకములు రోగి రక్తమున ముందే యున్నచో, కొన్ని నిమిషములలో లేక గంటలలో అవయవము చెడిపోవును. పూర్వము రక్త మెక్కించుకొన్నవారికిని, గర్భము ధరించిన స్త్రీలకును ఇట్టివి ఏర్పడియుండవచ్చును. కావుననే దాత కణములను రోగి రక్తరసముతో కలిపి ముందుగా పరీక్షింతురు. రెండవది తొలి వారములలో, మాసములలో తరచుగా వచ్చును. దీనిని సకాలమున గుర్తించినచో మందులతో చాలవరకు అణచవచ్చును. మూడవది ఏండ్ల తరబడి మెల్లమెల్లగా అవయవమును క్షీణింపజేయును.

1954 డిసెంబరు 23న బోస్టను నగరమున డాక్టరు జోసెఫ్ మర్రే బృందము ఒక సోదరుని మూత్రపిండమును అతని కవల సోదరునకు అమర్చి విజయము సాధించెను. వారు ఏకరూప కవలలగుటచే ఆనవాళ్లలో భేదము లేకపోయెను. ఇతరులకు ఈ సౌకర్యము లేదు. 1960వ దశకమున అజథయోప్రిన్, 1980వ దశకమున సైక్లోస్పోరిన్, పిదప టాక్రోలిమస్ అను మందులు వచ్చుటచే ఇతరులకును మార్గ మేర్పడినది. మన దేశమున 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మూత్రపిండపు మార్పిడి విజయవంతముగ జరిగెను.

ఈ మందులు దేహపు ఎదిరింపును అణచియుంచునే గాని, సమూలముగ తొలగింపజాలవు. ఒంట్లో బాగుగ నున్నదని మాత్రలు మానుటయు, ఖర్చు భారమని మోతాదు తగ్గించుటయు మిక్కిలి ప్రమాదకరము. తిరస్కరణ మారంభమైనపుడు నొప్పి లేకుండవచ్చును. రక్తములో క్రియాటినిన్ పెరుగుటయే తొలి సూచన కావచ్చును. అందుచే వైద్యుడు చెప్పిన గడువులలో రక్తపరీక్ష తప్పక చేయించుకొనవలెను. మూత్రము తగ్గుట, కాళ్లవాపు, జ్వరము కనబడినచో తక్షణమే వైద్యశాలకు పోవలెను.

కావలి సడలుటచే అంటురోగములు సులభముగ సోకును. కావున పరిశుభ్రమైన నీరు, చక్కగా ఉడికిన ఆహారము తీసికొనవలెను. సజీవ క్రిములతో చేసిన టీకాలు వేయించుకొనరాదు. వైద్యుని అడుగక ఏ యితర ఔషధమును వాడరాదు. క్షయకు వాడు రిఫాంపిసిన్ వంటివి ఈ మందుల బలమును మిక్కిలి తగ్గించును.

దాత తన అవయవము నొక్కసారి ఇచ్చును. దానిని ప్రతిదినము కాపాడుకొనుట గ్రహీత విధి. ఇంటివారు వేళకు మాత్రలు గుర్తుచేసి ఈ పనిలో తోడ్పడవలెను.