ఇంటి కంప్యూటర్ ఎందుకు మొరాయిస్తుంది?

బదిలీ ఉత్తర్వు వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో ఒకటే చర్చ: ఏది వెంట తీసుకెళ్దాం, ఏది వదిలేద్దాం? మంచాలు, బీరువాలు అమ్మేశాం గానీ పాత కంప్యూటర్‌ను మాత్రం నాలుగు ఊళ్లు తిప్పాం. జోధ్‌పూర్‌లో ఉండగా అది మొరాయించింది. ఆన్ చేసి, టీ కాచుకుని తాగి వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. కొత్తది కొందామనుకున్నాం. కానీ అందులో మా అమ్మమ్మ చెప్పిన పదకొండు కథల రికార్డింగులు ఉన్నాయి. ఆమె ఇప్పుడు లేరు. ఆ గొంతు మరెక్కడా లేదు.

అందుకే పారేసే ముందు దాని జబ్బేమిటో తెలుసుకుందామని కూర్చున్నాం. విద్యార్థులారా, అప్పుడు మేము నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయి.

మొదటి పని: నకలు తీయడం. కంప్యూటర్ నెమ్మదించడం ఒక్కోసారి హార్డ్‌డిస్క్ చెడిపోతోందని చెప్పే హెచ్చరిక. టిక్కు టిక్కుమనే శబ్దం, ఫైలు తెరవబోతే బిగుసుకుపోవడం దాని గుర్తులు. అప్పుడు శుభ్రం చేయడం, డీఫ్రాగ్ చేయడం తర్వాతి మాట. ముఖ్యమైన ఫైళ్లను ముందు వేరే డిస్క్‌లోకి ఎక్కించాలి. మేము కాస్త ఆలస్యం చేశాం. తొమ్మిది కథలు దక్కాయి, రెండు దక్కలేదు.

రెండవ పని: బరువు దించడం. హార్డ్‌డిస్క్ బీరువా అయితే, ర్యామ్ మనం రాసుకునే బల్ల. బల్ల నిండిపోతే కంప్యూటర్ కొన్నింటిని బీరువాలో పెడుతూ, మళ్లీ తీస్తూ ఉంటుంది. ఆ తిరుగుడులోనే కాలమంతా పోతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ ప్రోగ్రామ్ ఎంత ర్యామ్ వాడుతోందో అందులో కనిపిస్తుంది. స్టార్టప్ అనే భాగంలో, ఆన్ చేయగానే పిలవకుండా లేచే ప్రోగ్రాముల జాబితా ఉంటుంది. అక్కర్లేనివాటిని డిసేబుల్ చేస్తే చాలు, తొలగించనవసరం లేదు. పేరు తెలియనిదాన్ని మాత్రం కనుక్కున్నాకే ముట్టుకోండి. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడపవద్దు.

మూడవ పని: చోటు చూపడం. రీసైకిల్ బిన్, డౌన్‌లోడ్స్, తాత్కాలిక ఫైళ్లు డిస్క్‌ను నింపేస్తాయి. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిస్తే ఏది ఎంత చోటు తింటోందో తెలుస్తుంది. విండోస్ ఫోల్డర్‌లోని ఫైళ్లను చేత్తో చెరపకండి. ఒక్క క్లిక్కుతో వేగం పెంచుతామనే ప్రకటనలనూ నమ్మకండి.

నాలుగవ పని: దుమ్ము దులపడం. ప్రాసెసర్ బాగా వేడెక్కితే తనను కాపాడుకోవడానికి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మనం సీపీయూ అని పిలిచే పెట్టెను విప్పితే, ఫ్యాను రెక్కల మీద ఎడారి ఇసుక పొరలా పేరుకుని ఉంది! ఈ పని పెద్దవాళ్లతో కలిసి చేయండి. ప్లగ్గు పీకి, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తని పొడి కుంచెతో తుడవాలి.

చివరగా డిస్క్ మార్చాం. పాత హార్డ్‌డిస్క్‌లలో పళ్లెం నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంది. ఫైలు ఉన్న చోటికి సూది లాంటి భాగం కదిలి వెళ్లాలి. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలే ఉండవు, అందుకే అంత వేగం. పాత కంప్యూటర్‌కు కొత్త ప్రాణం పోసేది చాలాసార్లు ఇదే. అయితే ఎస్‌ఎస్‌డీ కూడా ఎప్పుడైనా పోవచ్చు. కాబట్టి మొదటి పని ఎప్పటికీ మొదటి పనే.

ఇప్పుడు మా కంప్యూటర్ టీ కాగేలోపే సిద్ధమవుతోంది. తొమ్మిది కథలూ మూడు చోట్ల ఉన్నాయి. ఈ ఆదివారం మీరూ మీ ఇంటి కంప్యూటర్ ముందు కూర్చోండి. మళ్లీ దొరకనిది అందులో ఏముందో ఇంట్లోవాళ్లను అడిగి, ముందు దానికి నకలు తీయండి. వేగం సంగతి ఆ తర్వాత చూద్దాం.