నొక్కనోళ్లే మనకు లాభం

చిరంజీవి అల్లునికి,

ఆదిలాబాద్‌ల మావల దిక్కు వెంచర్ మొదలువెడుతున్నవని, గూగుల్‌ల యాడ్ ఇద్దామనుకుంటున్నవని మీ అమ్మ చెప్పింది. ఫోన్ల చెప్తే సగం మర్చిపోతవు, అందుకే రాస్తున్న.

యాడ్ పెట్టుడు మంచిదే. ఫ్లెక్సీ కట్టినా, పేపర్ల కరపత్రం పెట్టి పంచినా జాగ కొనే ఆలోచన లేనోళ్ల చేతికే ఎక్కువ పోతది. గూగుల్‌ల అట్ల కాదు. "ఆదిలాబాద్ ఓపెన్ ప్లాట్స్" అని తనంతట తానే టైపు చేసిన మనిషి ముందల నీ పేరు వస్తది. చూసినందుకు పైసలు లేవు, నొక్కితేనే. 2002 నుంచి గూగుల్ ఈ క్లిక్కులను వేలం మీద అమ్ముతున్నది. అయితే ఎక్కువ పాట పాడినోనికే పై జాగ అని లేదు. అడిగినదానికి నీ యాడ్ సరిపోతదా, నొక్కినంక తెరుచుకునే పేజీ పనికొస్తదా అని కూడా చూస్తది. అందుకే మావల పేరు, గజం రేటు ఉన్న నీ చిన్న యాడ్, పెద్ద పాట పాడిన హైదరాబాద్ కంపెనీ కంటే పైకి రావచ్చు. అదీ తక్కువ పైసలకు.

ఇందుల నేర్పంత ఎవ్వలతోని నొక్కియ్యాలె అన్నదాంట్ల లేదు, ఎవ్వలు నొక్కొద్దు అన్నదాంట్ల ఉన్నది. "ఇల్లు", "ప్లాట్" అని మాటలిచ్చి బ్రాడ్ మ్యాచ్‌ల వదిలేసినవనుకో, గూగుల్ దగ్గరి అర్థమని తోచిన ప్రతిదానికి నీ యాడ్ చూపిస్తది. డబుల్ బెడ్‌రూం సర్కారు ఇండ్ల లిస్టుల పేరు వచ్చిందా అని చూసుకునేటోడు నొక్కుతడు. కిరాయికి రూము దేవులాడే కాలేజీ పిల్లగాడు నొక్కుతడు. లేఅవుట్ రెగ్యులరైజేషన్ (ఎల్ఆర్ఎస్) ఫీజు ఎంతని, సర్కారు భూముల పోర్టల్ భూభారతిల పాస్‌బుక్ ఎట్ల చూడాలని అడిగేటోళ్లు సుత నొక్కుతరు. వాళ్ల తప్పేం లేదు, పైసలు మాత్రం నీయి. ఒక్క క్లిక్కు 20 రూపాయలు అనుకో. రోజుకు 600 పెడితే 30 మంది వస్తరు. అందుల 20 మంది ఇసొంటోళ్లయితే, పనికొచ్చే ఒక్కొక్కడు నీకు 60కి పడ్డట్టు. దాని మీద 18 శాతం జీఎస్టీ వేరే.

అందుకే మొదలు నీ మాటల అర్థానికే కట్టుబడే ఫ్రేజ్ మ్యాచ్, ఎగ్జాక్ట్ మ్యాచ్ మాటలతోనే నడిపియ్యి. కిరాయి, హాస్టల్, డబుల్ బెడ్‌రూం, జాబ్స్, ఎల్ఆర్ఎస్, భూభారతి, దాని ముందటి ధరణి, ఇవన్నీ నెగెటివ్ మాటల కింద రాసిపెట్టు, అవి టైపు చేసినోనికి నీ యాడ్ కనవడదు. ఖాతాల సెర్చ్ టర్మ్స్ అని ఒక రిపోర్టు ఉంటది. జనం ఏమని వెతికి నీ యాడ్ నొక్కిన్రో అందుల చానామట్టుకు కనవడుతది. పొద్దుగాల చాయ్ తాగుకుంట అది చూడు. ఇంకో మాట, క్యాంపెయిన్ తయారు చేసేటప్పుడు సెర్చ్ పార్ట్‌నర్స్, డిస్‌ప్లే నెట్‌వర్క్ అని రెండు టిక్కులు ముందే పెట్టి ఉంటయి. రెండూ తీసెయ్యి. రోజు బడ్జెట్ 600 అంటే ఒక్కోనాడు దానికి రెండింతల దాకా పోవచ్చు, నెలల లెక్క సర్దుతది. చూసి గాబరా పడకు.

యాడ్‌ల గజం రేటు రాయి. మనోళ్లు "రేటు కోసం ఫోన్ చేయండి" అని రాస్తరు. ఫ్లెక్సీ మీద అది నడిచింది, ఎందుకంటే ఫోన్ ఖర్సు అడిగేటోనిది. ఇక్కడ అడిగేటోని ఖర్సు నువ్వు కడుతున్నవు. రేటు తనకందదు అనుకున్నోడు నొక్కకుండనే ముందలికి పోతే నీకు మిగులే.

ఇగ కాయిదాల సంగతి. 500 చదరపు మీటర్లు, అంటే మన లెక్కల 598 గజాలు, దాటిన లేఅవుట్‌ను రెరాల, అంటే రియల్ ఎస్టేట్ అథారిటీల, రిజిస్టర్ చేయకుండ అమ్మొద్దు, బుకింగ్ తీసుకోవద్దు, యాడ్ సుత ఇయ్యొద్దు. 2016 రెరా చట్టం 3వ సెక్షన్ ఇదే చెప్తది. అయిదు గుంటలంటేనే 605 గజాలు, ఇగ నువ్వే చూసుకో. తప్పితే ప్రాజెక్టు అంచనా ఖర్సుల 10 శాతం దాకా జుర్మానా. ప్రీ లాంచ్ అని ముద్దుపేరు పెడితే చట్టం చూడనట్టు ఉండదు. గూగుల్‌ల పెట్టినా యాడ్ యాడే. రెరా నంబరు, రెరా వెబ్‌సైట్ పేరు అందుల ఉండాలె, నొక్కినంక వచ్చే పేజీల పెద్దగ ఉండాలె. రాని ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలు అని రాయకు. యాడ్‌ల అబద్ధాన్ని నమ్మి కొన్నోడు మొత్తం పైసలు మిత్తితోని వాపస్ అడగొచ్చని 12వ సెక్షన్ ఉన్నది.

మాకు కరీంనగర్‌ల లేని చిక్కు మీ దిక్కు ఒకటున్నది. ఉట్నూరు, ఇంద్రవెల్లి ఏజెన్సీ, అంటే గిరిజనుల షెడ్యూల్డ్ ఏరియా. 1/70 చట్టం కింద అక్కడి జాగ గిరిజనేతరుల చేతికి పోవద్దు, గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరునికి అమ్మినా చెల్లదు. గజం చౌకగ ఉన్నదని ఆ ఊర్ల పేర్లతోని వెతికేటోళ్లు ఉంటరు. ఆ పేర్లు సుత నెగెటివ్‌ల వేసుకో. నీ వెంచర్ సర్వే నంబరు ఉన్న ఊరు ఏజెన్సీ జాబితాల లేదని కాయిదం చూసి తెలుసుకో, అమ్మినోని మాట మీద పోకు.

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు నుంచి గల్ఫ్‌కు పోయినోళ్లు మన పెద్ద గిరాకీ. వాళ్లకు వేరే క్యాంపెయిన్ పెట్టు, ఒక్కదాంట్ల కలపకు. లొకేషన్ల "ప్రెజెన్స్ ఆర్ ఇంటరెస్ట్" అని ముందే ఉంటది, "ప్రెజెన్స్" ఒక్కటే పెట్టి దుబాయ్, మస్కట్, సౌదీ ఎంచుకో. యాడ్ టైం నీ ఖాతా గడియారం మీద నడుస్తది. సౌదీ మనకంటే రెండున్నర గంటలు ఎనక, దుబాయ్ గంటన్నర. డ్యూటీ దిగి ఫోన్ పట్టుకునే యాళ్లకు మనకు రాత్రి పదవుతది, ఆ టైంల మాట్లాడే మనిషి ఉండాలె. సౌదీ, మస్కట్ దిక్కు చానామందికి శుక్రవారం సెలవు, ఆ నాడు బడ్జెట్ జర పెంచు. ఒక సంగతి యాది పెట్టుకో, పైసలు పంపేది అక్కడి మనిషి, జాగ చూసేది ఇక్కడి తమ్ముడో మామనో. పేజీల లేఅవుట్ కాపీ, లింకు డాక్యుమెంట్లు వాట్సాప్‌ల పంపుకునేటట్టు పెడితే ఆ ఇద్దరు మాట్లాడుకునుడు అలకగ అయితది.

మొదటి వారం తక్కువ బడ్జెట్ పెట్టి, ఆ సెర్చ్ టర్మ్స్ పట్టిక నాకు పంపు. ఏ మాటలు కొట్టెయ్యాల్నో ఇద్దరం చూద్దాం. ఎన్ని క్లిక్కులు అని నాకు చెప్పకు, ఎంతమంది వచ్చి జాగ తొక్కిన్రో రాసిపెట్టు. రెరా నంబరు చేతికి రాకముందు ఖాతాల పైసలు వెయ్యకు. మీ అమ్మను అడిగిన్నని చెప్పు.

మీ మామ,
కరీంనగర్