12345654321 ప్రత్యేకత ఏమిటి?

ప్రశ్న (జహీరాబాద్ నుంచి): 12345654321లో విశేషం ఏమిటి?

జవాబు: ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే ఈ సంఖ్య 111111కు వర్గం. గుణకారంలో ఆరు వరుసలు ఒక్కో స్థానం ఎడమకు జరుగుతాయి. ఒక్కో నిలువు వరుసలో ఎన్ని ఒకట్లు పడితే ఆ అంకె వస్తుంది. అందుకే అంకెలు ఆరు దాకా ఎక్కి మళ్లీ ఒకటికి దిగుతాయి. అంకెల మొత్తం 36, అదీ ఆరుకు వర్గమే. ఈ అందం తొమ్మిది ఒకట్ల వరకే. పదో ఒకటి చేరితే మధ్యలో 10 వచ్చి, అందులోని ఒకటి ఎడమ స్థానానికి వెళ్లి వరుస చెదురుతుంది.

ఈ సంఖ్యకు పాత చరిత్రా ఉంది. జహీరాబాద్‌కు నైరుతిన ఉన్న మాన్యఖేటం (నేటి మళఖేడ్) రాష్ట్రకూటుల రాజధాని. ఆ వంశపు అమోఘవర్షుడి కాలంలో, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు రచించిన ‘గణితసారసంగ్రహం’లో ఈ సంఖ్య కనిపిస్తుంది. 152207 × 73 = 11111111 వంటి ముచ్చటైన లెక్కలూ అందులో ఉన్నాయి. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన 11వ శతాబ్దిలో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.